అజాన్ వినిపించని నగరంలో

మన ఊళ్లలో ధర్మం సగం గాలిలోనే ఉంటుంది. కర్నూలులోనో, గుంటూరులోనో, హైదరాబాదు పాతబస్తీలోనో పుట్టి పెరిగిన పిల్లవాడు నమాజు వేళ కోసం గడియారం చూడనక్కరలేదు. మినార్ నుంచి పిలుపు వస్తుంది. చదువు ధ్యాసలో ఆ పిలుపు చెవిన పడకపోయినా, టోపీ సవరించుకుంటూ గడప దాటే అబ్బా కనిపిస్తారు, లోపలి గదిలో జానిమాజ్ పరుస్తున్న అమ్మీ కనిపిస్తుంది. ఇంట్లో ఖిబ్లా ఏ గోడ వైపో పసివాడికి కూడా తెలుసు. మాంసం కొట్టులో ‘ఇది హలాలేనా’ అని అడిగే అవసరం రాదు. రమజాన్‌లో సహరీకి వీధి వీధంతా మేలుకొంటుంది. మన దీన్‌లో కొంత బరువును మన తరఫున మన వీధే మోస్తూ ఉంటుంది. ఎంత మోస్తోందో ఆ వీధిని విడిచి వెళ్లేదాకా తెలియదు.

ఇటీవలి సంవత్సరాలలో మన కుటుంబాల నుంచి అనేకమంది యువతీయువకులు పైచదువుల కోసం జర్మనీ బాట పడుతున్నారు. ఆ దేశ రాజధాని బెర్లిన్ వారిలో చాలామందికి మొదటి మజిలీ. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో సాధారణంగా బోధనా రుసుము ఉండదు. ప్రతి అర్ధసంవత్సరానికి కొంత నిర్వహణ రుసుము చెల్లిస్తే చాలు. మధ్యతరగతి తల్లిదండ్రులను ఆకర్షించే విషయం ఇదే. అయితే అక్కడికి చేరిన బిడ్డ ప్రతిరోజూ ఎలా బతుకుతాడు, ఏమి తింటాడు, ఎవరితో మాట్లాడుతాడు, అతని నమాజు ఏమవుతుంది అన్న ప్రశ్నలకు విశ్వవిద్యాలయాల కరపత్రాలలో జవాబులు దొరకవు. ఆ దైనందిన జీవితాన్ని కొంత వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తలుపు మీద పేరు

బెర్లిన్‌లో స్థిరపడడం అనేది ఒక కాగితంతో మొదలవుతుంది. కొత్త ఇంట్లో చేరిన రెండు వారాలలోగా బ్యుర్గరామ్ట్ అనే పౌర సేవల కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలన్నది చట్టం. అందుకు ఇల్లు ఇచ్చినవారు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. ఆ నమోదు జరిగితేనే పన్ను సంఖ్య వస్తుంది, మిగిలిన పనులు ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. కార్యాలయంలో అడుగు పెట్టడానికి ముందుగా సమయం తీసుకోవాలి. దానిని ‘టెర్మీన్’ అంటారు. కొత్తవారు జర్మన్ భాషలో మొదట నేర్చుకునే మాటలలో ఇదొకటి. వైద్యుడికి టెర్మీన్, బ్యాంకుకు టెర్మీన్, వీసా పొడిగింపుకు టెర్మీన్. ‘ఒక్క నిమిషం, సార్’ అంటూ కిటికీ దగ్గర తల దూర్చే మన అలవాటు అక్కడ పనికిరాదు.

మరొక వింత ఉంది. అక్కడి భవనాలలో ఫ్లాట్లకు సాధారణంగా నంబర్లు ఉండవు. వీధి గుమ్మం దగ్గర గంట మీట పక్కన, కింద ఉత్తరాల పెట్టె మీద నివాసి ఇంటిపేరు రాసి ఉంటుంది. ఆ పేరు లేకపోతే ఉత్తరం రాదు. జర్మనీలో ముఖ్యమైన సమాచారం చాలావరకు నేటికీ ఉత్తరం రూపంలోనే వస్తుంది. బ్యాంకు రహస్య సంఖ్య, ఆరోగ్య బీమా కార్డు, పన్ను సంఖ్య అన్నీ ఆ పెట్టెలోనే పడతాయి. అందుకే ‘షేక్’ అనో, ‘సయ్యద్’ అనో, ‘పఠాన్’ అనో ఒక చిన్న కాగితం ముక్క ఆ పెట్టె మీద అంటించిన రోజున పిల్లవాడికి తాను ఈ నగరంలో ఉన్నానన్న భావం మొదటిసారి కలుగుతుంది. మరో పక్క, అదే పేరు చూసి ఇల్లు అద్దెకు ఇవ్వడానికి వెనుకాడే యజమానులూ ఉన్నారు. జాతిని బట్టి, మతాన్ని బట్టి వివక్ష చూపరాదని 2006లో అక్కడ సమాన వ్యవహార చట్టం వచ్చింది. చట్టం ఉన్నది గనుక వివక్ష లేదని అనుకోరాదు. వివక్ష ఉన్నది గనుక ఊరంతా అదేనని అనుకోవడమూ న్యాయం కాదు. మొదటి గది దొరకడానికి నెలలు పట్టవచ్చు. పదిమందితో కలిసి ఇల్లు చూడడానికి వరుసలో నిలబడే ఓర్పు ఉండాలి.

ఇక డబ్బు సంగతి. విద్యార్థి వీసాకు ఒక సంవత్సరం ఖర్చు చేతిలో ఉన్నదని చూపించాలి. ఇప్పుడది 11,904 యూరోలు. ఈ మొత్తాన్ని ప్రత్యేక ఖాతాలో ముందే జమ చేస్తే, అక్కడికి చేరాక నెలకు 992 యూరోల చొప్పున మన డబ్బే మనకు తిరిగి ఇస్తారు. అందులోనే అద్దె, ఆరోగ్య బీమా, తిండి, ప్రయాణం అన్నీ సర్దుకోవాలి. 2024 మార్చి నుంచి విద్యార్థులు సంవత్సరంలో 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. ఈ లెక్కలు ఇంట్లో అందరూ కూర్చుని ముందే వేసుకోవాలి. అంత మొత్తం కోసం వడ్డీ అప్పు వైపు చూడడం కంటే, బంధువుల నుంచి ఖర్జె హసనా తీసుకోవడమో, రెండేళ్లు ఉద్యోగం చేసి కూడబెట్టుకుని బయలుదేరడమో మేలు. అప్పు భయం వెంటాడుతున్న కుర్రవాడు తరగతి మాని గోదాములో బరువులు మోస్తాడు. చదువు పొడిగించుకుంటూ పోతాడు. ఇంటికి మాత్రం ‘అంతా బాగుంది’ అని చెబుతాడు.

సూర్యుడితో లెక్క

హైదరాబాదులో వేసవి పగటికీ శీతకాలపు పగటికీ తేడా రెండు గంటలకు కాస్త పైన. బెర్లిన్ భూమధ్యరేఖకు చాలా ఉత్తరాన, 52 డిగ్రీలు దాటిన చోట ఉంది. డిసెంబరు చివర అక్కడ ఉదయం ఎనిమిదింపావుకు సూర్యుడు ఉదయిస్తాడు, సాయంత్రం నాలుగు కాకముందే అస్తమిస్తాడు. జూన్ చివర తెల్లవారుజామున ఐదు కాకముందే ఉదయించి, రాత్రి తొమ్మిదిన్నర దాటాక గాని దిగడు. ఈ లెక్క మన ఇళ్లలో కూర్చుని వింటే విశేషంగా ఉంటుంది. అక్కడ నమాజు చేసే మనిషికి అది దినచర్యనే తలకిందులు చేస్తుంది.

శీతకాలంలో జుహ్ర్, అస్ర్, మగ్రిబ్ మూడూ మధ్యాహ్నం పన్నెండు దాటింది మొదలు నాలుగు గంటలలోపే వచ్చేస్తాయి. సరిగ్గా తరగతులు జరిగే వేళ అది. ఒక పాఠానికీ మరొక పాఠానికీ మధ్య దొరికే పావుగంటలో వుజూ, నమాజు రెండూ కావాలి. గ్రంథాలయం మెట్ల కింద ఖాళీ చోటో, ఎవరూ లేని తరగతి గదో వెతుక్కోవాలి. ముఖం కడిగే తొట్టిలో కాళ్లు పెట్టి కడిగితే చూసేవారికి ఇబ్బంది. గడ్డకట్టే చలిలో తడిసిన మేజోళ్లతో బయటికి నడవడం మనకు ఇబ్బంది. తోలు మేజోళ్లపై మసహ్ చేసే వెసులుబాటును మనం మక్తబ్‌లో పాఠంగా చదివి పరీక్షలో రాసినవాళ్లమే. దానిలోని కరుణ ఎంతటిదో బెర్లిన్ జనవరి నెలలో అర్థమవుతుంది.

వేసవిలో సమస్య మరో రకం. జూన్‌లో ఆ అక్షాంశాలలో రాత్రి పూర్తిగా చీకటి పడదు. ఉత్తర దిక్కున సన్నని వెలుగు మిగిలే ఉంటుంది. కాబట్టి ఇషా ఎప్పుడు, ఫజ్ర్ ఎప్పుడు అన్నదాన్ని పండితులు వేర్వేరు పద్ధతులలో లెక్కకడతారు. ఒక మస్జిద్ పట్టికకూ మరొకదానికీ తేడా ఉంటుంది. దగ్గరలోని ఒక మస్జిద్ పట్టికను ఎంచుకుని దానినే అనుసరించడం అక్కడివారి పద్ధతి. 2016లో రమజాన్ జూన్‌లో వచ్చినప్పుడు బెర్లిన్‌లో ఉపవాసం 18 గంటలు దాటింది. చాంద్రమాన నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక, ఇప్పుడు రమజాన్ శీతకాలం వైపు నడుస్తోంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి రమజాన్ ప్రవేశిస్తుంది. అప్పుడు అక్కడి రోజా పది గంటలకు అటూ ఇటూ ముగుస్తుంది. కష్టాన్నీ తేలికనూ అల్లాహ్ లోకమంతటా ఎలా పంచాడో కళ్లారా చూడాలంటే ఉత్తర దేశంలో కొన్నేళ్లు ఉపవాసాలు పాటించాలి.

దిక్కు కూడా మారుతుంది. మనం పుట్టినప్పటి నుంచి పడమర తిరిగి నమాజు చేశాం. బెర్లిన్ నుంచి కాబా ఆగ్నేయ దిశలో ఉంది. మొదటి కొన్ని రోజులు కాళ్లు వాటంతటవే పడమరకు తిరుగుతాయి. ఫోన్‌లోని దిక్సూచి వద్దంటుంది. వీధుల్లో మైకులో అజాన్ సాధారణంగా వినిపించదు. మస్జిద్ లోపలే ఇస్తారు. అందుచేత ఎవరికి వారే తమ ముఅజ్జిన్ కావలసి వస్తుంది. ఇంటి దగ్గర అయిదు పూటలూ తప్పనివాడు అక్కడికి వెళ్లిన రెండు నెలల్లో జుమాకు పరిమితం కావడం అరుదు కాదు. ఇంటి దగ్గర జుమాకు మాత్రమే వెళ్లేవాడు అక్కడ అయిదు పూటలూ నిలబడడమూ ఉంది. మొదటివాడి నమాజు వీధి ఇచ్చినది, వీధితోపాటే పోయింది. రెండోవాడు తన నమాజును తానే సంపాదించుకున్నాడు.

వంటగది, అంగడి

చాలామంది విద్యార్థులు ముగ్గురు నలుగురితో కలిసి ఒక ఇంట్లో ఉంటారు. ఎవరి గది వారిది. వంటగది, స్నానాలగది ఉమ్మడి. ఆ ఫ్రిజ్‌లో పంది మాంసం ఉంటుంది, బీరు సీసాలు ఉంటాయి. మొదటి రోజే మర్యాదగా, నవ్వుతూ ఒక మాట చెప్పుకుంటే సరిపోతుంది: ఈ మూకుడు, ఈ పళ్లెం, ఈ అర నావి, నా ఆహార నియమాలు ఇవి. జర్మన్లు సూటిగా చెప్పే మాటను గౌరవిస్తారు. శాకాహారులు, పాలు కూడా ముట్టనివారు ఆ నగరంలో ఎందరో ఉన్నారు గనుక ఆహార నియమం అన్నది అక్కడ వింత కాదు. చెప్పకుండా దాచుకుని లోలోపల నలిగిపోయేవారికే కష్టం.

అంగట్లో అక్షరాలు చదవడం నేర్చుకోవాలి. ‘ష్వైన్’ అంటే పంది. ‘గెలటీనె’ అని ఉంటే మిఠాయిలలో, కొన్ని పెరుగు రకాలలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసిన జిగురు కలిసిందని అర్థం. ‘ష్మాల్ట్స్’ అన్నది తరచుగా పంది కొవ్వు. కొన్ని వంటకాలలో ద్రాక్షసారాయి కూడా పోస్తారు. మాంసం విషయంలో మరొక చిక్కు ఉంది. జర్మనీ జంతు సంరక్షణ చట్టం ప్రకారం పశువుకు ముందుగా స్పృహ తప్పించకుండా వధించాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. కాబట్టి హలాల్ పలక కనిపించిన ప్రతి కొట్టులోనూ పద్ధతి ఒకటే కాదు. మస్జిద్‌లో పెద్దలను అడిగి, నమ్మకమైన కొట్టును ఎంచుకోవాలి.

అయితే బెర్లిన్‌లో ముస్లిం ఆకలితో ఉండడు. లాండ్వేర్ కాలువ ఒడ్డున మైబాహ్ ఊఫర్ అనే వీధిలో మంగళ, శుక్రవారాలలో తుర్కీ సంత జరుగుతుంది. కొత్తిమీర కట్టలు, పుదీనా, వంకాయలు, ఆలివ్ గింజలు, వేడి వేడి రొట్టెలు, సాయంత్రం మూసే వేళకు గంపగుత్తగా సగం ధరకు పిలిచే అమ్మకందార్లు! మన రైతుబజారు గుర్తుకు రాకమానదు. జోనెన్‌అల్లే వీధి పొడవునా అరబ్బుల దుకాణాలు. అక్కడ బాస్మతి బియ్యం, ఖర్జూరాలు, ఏలకులు, తాజా మాంసం దొరుకుతాయి. కరివేపాకు, చింతపండు కోసం భారతీయుల దుకాణం వెతుక్కోవాలి. మన కుర్రవాళ్లు ఆదివారం నాడు బగారా అన్నం, దాల్చా వండుకుని, తోటి అరబ్బు విద్యార్థిని, జర్మన్ పొరుగువాడిని పిలిచి వడ్డిస్తారు. ఒక్క పూట వంట చేసే పరిచయం పది పూటల మాటలు చేయలేవు.

చెప్పడానికి చిన్నదైనా తల్లులు తప్పక తెలుసుకోవలసినది ఇంకొకటి. అక్కడి మరుగుదొడ్లలో నీటి ఏర్పాటు ఉండదు, కాగితమే. సూట్‌కేసులో ఒక చిన్న ప్లాస్టిక్ చెంబు పెట్టి పంపండి. పచ్చడి సీసా కంటే అది ముందు అక్కరకు వస్తుంది.

కాపలా లేని ద్వారాలు

బెర్లిన్ భూగర్భ రైళ్లు 1902 నుంచి నడుస్తున్నాయి. ఆ స్టేషన్లలో టికెట్ తనిఖీ చేసే గేట్లు లేవు. మెట్లు దిగి నేరుగా రైలెక్కవచ్చు. టికెట్ కొన్నామా లేదా అన్నది మన మనస్సాక్షికి వదిలేస్తారు. అప్పుడప్పుడు మామూలు దుస్తుల్లో ఉన్న తనిఖీదారు లేచి చూపమంటాడు. లేకపోతే 60 యూరోల జరిమానా. వారాల తరబడి ఎవరూ అడగకపోవచ్చు. కొత్తగా వచ్చిన కొందరు ఈ సందును చూసి సంబరపడతారు. ఎవరూ చూడనప్పుడు అల్లాహ్ చూస్తున్నాడన్న విశ్వాసం మన దగ్గర ఉన్నదని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ మాటకు అక్కడ రోజుకు రెండుసార్లు పరీక్ష జరుగుతుంది. టికెట్ అమానత్. పరీక్ష గదిలో నిజాయితీ అమానత్. పనిచేసిన గంటలను ఉన్నవి ఉన్నట్టు రాయడం అమానత్. ఒక ముస్లిం పేరు గలవాడు ఇందులో జారితే ఆ మచ్చ అతని పేరుతో ఆగదు; తర్వాత ఇల్లు అడిగే మరో సయ్యద్ మీద, మరో షేక్ మీద కూడా పడుతుంది.

పొరుగువారి హక్కు విషయంలోనూ ఆ నగరం మనకు తెలిసిన పాఠాన్నే మళ్లీ చెబుతుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, ఆదివారాలు, సెలవు రోజులు మొత్తం నిశ్శబ్దం పాటించాలి. ఆదివారం గోడకు మేకు కొట్టకూడదు. ఆ రోజు అంగళ్లు కూడా మూసే ఉంటాయి. ఆదివారపు విశ్రాంతికి రాజ్యాంగ రక్షణే ఉంది. చెత్తను కాగితం, సీసా, ప్లాస్టిక్, వంటింటి వ్యర్థాలుగా వేరుచేసి వేర్వేరు తొట్లలో వేయాలి. దైవప్రవక్త (స) పొరుగువారి విషయంలో ఎంత గట్టిగా తాకీదు చేశారో మనం ఖుత్బాలలో ఎన్నిసార్లో విన్నాం. అయినా మన పెళ్లి ఊరేగింపులో అర్ధరాత్రి దాకా స్పీకర్లు మోగుతూనే ఉంటాయి. అక్కడ ఆ హక్కును చట్టం కాపాడుతోంది. మన దగ్గర దానిని ఈమాన్ కాపాడవలసి ఉంది.

మరొక చక్కని ఆచారం. ప్లాస్టిక్ సీసా, డబ్బా కొన్నప్పుడు 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు. ఖాళీది తిరిగి యంత్రంలో వేస్తే ఆ సొమ్ము ఇస్తారు. చాలామంది బెర్లిన్‌వాసులు దారిలో తాగిన సీసాను చెత్తతొట్టిలో పడేయరు; దాని పక్కన నిలబెట్టి వెళ్తారు. సీసాలు ఏరుకుని బతికే పేదవాడు చెత్తలో చేయి పెట్టనక్కరలేకుండా తీసుకుపోతాడు. ఇచ్చినవాడెవడో పుచ్చుకున్నవాడికి తెలియదు. గుప్తదానం గురించి మనం చదివినది అక్కడ రోడ్డు పక్కన నిలబడి ఉంటుంది.

అతిథులుగా పిలిపించుకున్నవారు

మన పిల్లలు ఆ నగరంలో మొదటి ముస్లింలు కారు. 1961 ఆగస్టు 13న బెర్లిన్ గోడ లేచింది. తూర్పు బెర్లిన్ నుంచి రోజూ పనికి వచ్చే కార్మికులు పడమటి బెర్లిన్ కర్మాగారాలకు ఒక్కసారిగా దూరమయ్యారు. అదే సంవత్సరం అక్టోబరు 30న పశ్చిమ జర్మనీ తుర్కీతో కార్మికుల ఒప్పందం చేసుకుంది. అలా వచ్చినవారిని ‘అతిథి కార్మికులు’ అన్నారు. కొన్నేళ్లు పనిచేసి వెళ్లిపోతారని ఆ దేశమూ అనుకుంది, వారూ అనుకున్నారు. చాలామంది వెళ్లలేదు. క్రాయిట్స్‌బెర్గ్, నోయ్‌కోల్న్ ప్రాంతాలలో చౌక అద్దెల పాత ఇళ్లలో చేరి, పెరటి షెడ్లను, మూతపడిన వర్క్‌షాపులను నమాజు గదులుగా మార్చుకున్నారు. చర్చి సభ్యుల నుంచి జర్మన్ ప్రభుత్వమే పన్ను వసూలు చేసి చర్చికి ఇస్తుంది. బెర్లిన్‌లో అది ఆదాయపు పన్నులో 9 శాతం. మస్జిదులకు ఆ రాబడి లేదు. కూలి డబ్బుల్లోంచి వేసిన చందాలతోనే అవి నిలబడ్డాయి. ఇవాళ మనవాడు వెచ్చని తివాచీ మీద జుమా నమాజు చేస్తున్నాడంటే, దానికి వెల చెల్లించినవారు ఎవరో అతనికి తెలియాలి.

నోయ్‌కోల్న్‌లోని షెహిత్‌లిక్ మస్జిద్ చూడదగినది. ఉస్మానియా శైలిలో గుమ్మటాలు, రెండు మినార్లు. దాని ఆవరణలోని శ్మశానవాటిక మస్జిద్ కంటే చాలా పాతది. 1798లో బెర్లిన్‌లో మరణించిన ఉస్మానియా రాయబారి అలీ అజీజ్ ఎఫెందీ కోసం ప్రష్యా రాజు స్థలం ఇచ్చాడు; 1866లో ఆ సమాధులను ఇప్పటి చోటికి మార్చారు. బెర్లిన్‌కు దక్షిణాన వున్స్‌డోర్ఫ్ వద్ద మరొక చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాల నుంచి పట్టుబడిన ముస్లిం సైనికులను, వారితోపాటు ఇతర భారతీయ సైనికులను అక్కడి శిబిరాలలో ఉంచారు. 1915లో వారి కోసం చెక్కతో ఒక మస్జిద్ కట్టారు. జర్మన్ నేల మీద నమాజు కోసం కట్టిన తొలి మస్జిద్ అదే. యుద్ధం ముగిసిన తర్వాతి దశాబ్దంలో దానిని మూసి, కూల్చివేశారు. సమీపంలోని సెహ్రెన్స్‌డోర్ఫ్‌లో సుమారు రెండు వందల మంది భారతీయ సైనికుల సమాధులు మాత్రం ఉన్నాయి. తమది కాని యుద్ధంలో పోరాడి, తమ భాష తెలియని నేలలో కలిసిపోయినవారు. అక్కడ నిలబడి ఫాతిహా చదివితే పరదేశం అనే మాటకు లోతు తెలుస్తుంది.

ఇద్దరు యువకులు

నూరేళ్ల కిందట ఇదే నగరంలో ఇద్దరు యువకులు నడిచారు. ఒకరు హైదరాబాదులో 1897లో జన్మించిన జాకిర్ హుసేన్. 1922లో బెర్లిన్ చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో పరిశోధన చేసి 1926లో డాక్టరేట్ పొందారు. ఉన్న కాలంలో అక్కడి విద్యావిధానాన్ని శ్రద్ధగా చూశారు, భాష నేర్చారు, స్నేహాలు చేశారు. తన ఉర్దూను మరువలేదు. బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో గాలిబ్ దీవాన్‌ను ముద్రింపించారు. ఢిల్లీలోని జామియా మిల్లియా ఆర్థికంగా కుంగిపోతున్నదని తెలిసి, ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్‌లతో కలిసి స్వదేశానికి తిరిగి వచ్చి, తక్కువ జీతంతో ఆ సంస్థను ఇరవై రెండేళ్లు నడిపారు. 1967లో భారత రాష్ట్రపతి అయ్యారు. బెర్లిన్‌లో ఆయన స్నేహితురాలైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ తర్వాత జామియాకు వచ్చి, అక్కడి చిన్నపిల్లల సేవలో గడిపి, 1943లో మరణించారు. ఆమె సమాధి జామియా ఖబరస్తాన్‌లోనే ఉంది. పరదేశంలో ఒక మనిషి ఎలా మెలిగాడో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం ఏం కావాలి?

రెండోవారు లియోపోల్డ్ వైస్ అనే యూదు పత్రికా రచయిత. 1926లో ఒకనాడు భార్యతో కలిసి బెర్లిన్ భూగర్భ రైలులో వెళ్తూ ఎదుటి ప్రయాణికుల ముఖాలు చూశారు. మంచి దుస్తులు, మంచి తిండి. కాని ఆ ముఖాలలో ఏదో తీరని వేదన. ఇంటికి వచ్చేసరికి బల్ల మీద తెరిచి ఉన్న ఖుర్‌ఆన్‌లో ‘అత్తకాసుర్’ సూరా కనిపించింది. ఇంకా ఇంకా కూడబెట్టాలన్న పోటీ మనిషిని సమాధి దాకా ఏమరపాటులో ఉంచుతుందని హెచ్చరించే సూరా అది. తాను రైలులో చూసినదే అందులో ఉన్నదని ఆయనకు తోచింది. ఆ తర్వాత బెర్లిన్‌లోని చిన్న ముస్లిం సమాజానికి పెద్దగా ఉన్న ఒక భారతీయుడి దగ్గరికి వెళ్లి ఇస్లాం స్వీకరించి, ముహమ్మద్ అసద్ అయ్యారు. తన ‘ది రోడ్ టు మక్కా’ గ్రంథంలో ఈ సంఘటనను ఆయనే వివరించారు.

ఆ రైళ్లు నేటికీ నడుస్తున్నాయి. వాటిలో మన పిల్లలు ఫోన్‌లో తల వంచుకుని కూర్చుంటారు. జీతం ఎంత, ఇల్లు ఎంత, ఫలానావాడు కారు కొన్నాడా అన్న లెక్కలు వారి ముఖాల మీద కూడా కనిపిస్తాయి. ఒక పరదేశి అదే రైలులో అల్లాహ్ దారి కనుగొన్నాడు. ఆ దారిలోనే పుట్టిన మనవాడు అదే రైలులో దానిని పోగొట్టుకోవచ్చు. తేడా నగరంలో లేదు.

ఫోన్‌లో అడగవలసిన ప్రశ్న

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బెర్లిన్ ఆకాశం బూడిద రంగులో ఉంటుంది. వారం రోజులు సూర్యుడు కనిపించకపోవడం మామూలు. ఆ కాలంలో ఒంటరితనం ఒక జబ్బులా పట్టుకుంటుంది. ఇంటికి ఫోన్ చేద్దామంటే మన గడియారం నాలుగున్నర గంటలు ముందుంటుంది. వాడు పని ముగించుకుని గదికి చేరేసరికి ఇక్కడ అర్ధరాత్రి. అలాంటి రోజుల్లో కొందరు పూర్తిగా మన భాషవారితోనే ఒక గదిలో ముడుచుకుపోతారు. మూడేళ్లు గడిచినా జర్మన్‌లో నాలుగు మాటలు రావు, వైద్యుడి దగ్గరికి కూడా తోడు కావాలి. మరికొందరు ఒంటరితనం భరించలేక, వారాంతపు తాగుడు గోష్ఠులలో కూర్చోవడమే స్నేహానికి దారి అనుకుంటారు. రెండూ అక్కరలేదు. తాగను అని ఒకసారి స్పష్టంగా చెప్పినవాడిని మళ్లీ బలవంతం చేసేవారు అక్కడ తక్కువే. నడకకు, ఫుట్‌బాల్‌కు, భాషా తరగతికి, కలిసి వండుకోవడానికి రమ్మనేవారు ఎక్కువ. హిజాబ్ ధరించిన మన అమ్మాయిలు విశ్వవిద్యాలయాలలో అడ్డులేకుండా చదువుకుంటున్నారు. వీధిలో ఎప్పుడైనా ఎవరైనా మాట తూలినా, పక్కన నిలబడి ఆమె తరఫున మాట్లాడే జర్మన్లు కూడా ఉన్నారు.

తల్లిదండ్రులు చేయగలిగినది చాలా ఉంది. బయలుదేరే ముందు సంవత్సరం పాటు బిడ్డకు వంట నేర్పండి, కొడుకైనా సరే. బట్టలు ఉతకడం, నెల ఖర్చు రాయడం నేర్పండి. అజాన్ విని లేవడం కాకుండా, తనంతట తాను వేళ చూసుకుని లేచే అలవాటు ఇక్కడే చేయండి. కొద్దిగా జర్మన్ భాష నేర్పించి పంపండి. ఎందుకు నమాజు చేస్తున్నాం, ఎందుకు ఇది తినం అని ఎవరైనా అడిగితే కోపం లేకుండా రెండు మాటల్లో చెప్పగలిగేలా చేయండి. అక్కడ ఈ ప్రశ్న తప్పక వస్తుంది, ఎక్కువసార్లు నిజంగా తెలుసుకోవాలనే అడుగుతారు. అతను వెళ్లాక ఆదివారం ఫోన్‌లో ‘ఉద్యోగం వచ్చిందా, ఎంత పంపుతావు’ అని మొదలుపెట్టకండి. ‘ఈ వారం ఎవరికి సలామ్ చెప్పావు? ఎవరింట్లో తిన్నావు? ఎవరికి వండి పెట్టావు?’ అని అడగండి. జవాబుగా ఒక పేరు వినిపిస్తే గుండె మీద చేయి వేసుకుని నిద్రపోవచ్చు. ఏ పేరూ రాకపోతే మరునాడు మళ్లీ ఫోన్ చేయండి.

స్థిరపడ్డాడనడానికి శాశ్వత నివాస పత్రమే గుర్తు కాదు. ఏదో ఒక సెప్టెంబరులో, మన ఊరి నుంచి కొత్తగా దిగిన కుర్రవాడు పెట్టెలతో అతని గదికి వస్తాడు. ప్రయాణం బడలికతోనే వుజూ చేసుకుని, నాలుగు గోడల మధ్య ఏ దిక్కూ తోచక ‘భాయ్, ఖిబ్లా ఎటు?’ అని అడుగుతాడు. ఇతను ఫోన్ తీయకుండా, తడుముకోకుండా కిటికీ పక్క మూలను చూపించి, ‘ఆగు, నేనూ వస్తున్నా’ అంటూ జానిమాజ్ పరుస్తాడు. ఆ నగరంలో అతనికి ఇల్లు దొరికినట్టే.